ముప్ఫై సెంట్ల పెరడుకు డ్రిప్పు: రెండు వేసవుల తరువాత

మా పెరట్లో మొక్కలకు చుక్క చుక్కగా నీరు పెట్టే డ్రిప్పు గొట్టాలు వేయించి రెండు వేసవులు గడిచాయి. వేయించిన నెలకే ఈ సమీక్ష రాసి ఉంటే ఆకాశానికెత్తి ఉండేవాణ్ణి. ఆరు నెలలకు రాసి ఉంటే అమ్మినవాణ్ణి, బిగించినవాణ్ణి, వాళ్ళ మాట నమ్మిన నన్నూ కలిపి తిట్టి ఉండేవాణ్ణి. రెండు రోహిణి కార్తెలు, మధ్యలో ఒక పూర్తి వానాకాలం చూసిన తరువాత ఇప్పుడు ఏది సరుకు లోపమో, ఏది బిగింపు లోపమో, ఏది నా తెలియనితనమో కొంత విడదీసి చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. చెట్లకు ఇది మంచి ఏర్పాటే. కాని దీన్ని మొక్కలు లెక్కపెట్టి అమ్మకూడదు, నీటి ఒత్తిడి కొలిచి అమ్మాలి. మాకు మొక్కలు లెక్కపెట్టే అమ్మారు.

మాది రాజానగరం వైపు మెట్ట ప్రాంతం. పైన ఎర్రమట్టి, రెండడుగులు తవ్వితే గరప. స్థలం మొత్తం 30 సెంట్లు, అంటే సుమారు 1,450 చదరపు గజాలు. అందులో ఇల్లు, వాకిలి పోగా మిగిలినదంతా తోటే. మా నాన్నగారు వేసిన కొబ్బరి చెట్లు తొమ్మిది, మామిళ్ళు మూడు, సపోటాలు, జామలు, పనస, పంపర పనస, నాలుగు నిమ్మ చెట్లు, పన్నెండు చక్కెరకేళి అరటి పిలకలు, ప్రహరీ వెంట ముప్ఫై మల్లె పొదలు, కూరగాయల మళ్ళు, ఇవి కాక కడియం వెళ్ళినప్పుడల్లా మనసు ఆగక తెచ్చుకున్న కుండీలు అరవై దాకా ఉన్నాయి. ఉద్యోగం నుంచి విరమించిన తరువాత ఈ తోటకు నీళ్ళు పెట్టడమే నాకు ఉదయపు వ్యాయామం. అయితే వేసవిలో గొట్టం పట్టుకుని పాదు పాదుకీ తిరగడానికి రెండు గంటలు పట్టేది. మా కుళాయి కింద పదిహేను లీటర్ల బకెట్టు నలభై అయిదు సెకన్లలో నిండుతుంది. అంటే నిమిషానికి 20 లీటర్లు, రెండు గంటలకు 2,400 లీటర్లు. మే నెలలో బోరు మధ్యాహ్నానికే గాలి కక్కడం మొదలుపెట్టిన సంవత్సరం ఈ లెక్క వేసుకుని, డ్రిప్పు గురించి ఆలోచించక తప్పలేదు.

బిందు సేద్యం మన రైతులకు కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం 2003లోనే మొదలయింది. మెట్ట ప్రాంతపు తోటలు చాలావరకు దాని చలవతోనే నల్ల గొట్టాలకు అలవాటు పడ్డాయి. కాని ఆ రాయితీ పట్టాదారు పాసుపుస్తకం ఉన్న సాగు భూమికి ఉద్దేశించినది, ఇంటి పెరడుకు కాదు. కాబట్టి మాలాంటివారు సొంత డబ్బుతో బజారులో దొరికే సామాను కొనుక్కుని, దుకాణంవారు పంపిన కుర్రవాడితో బిగించుకోవలసిందే. రాజమహేంద్రవరంలోని ఒక దుకాణంలో నేను అలాగే చేశాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. వారు చేసిన తప్పు వారొక్కరే చేసేది కాదని తరువాత నలుగురిని అడిగితే తెలిసింది.

దుకాణంవారు వచ్చి తోటంతా ఒకసారి తిరిగి, చెట్లు లెక్కపెట్టుకుని, కాగితం మీద అంచనా వేశారు. బోరు మోటారు నుంచి నేరుగా తీసుకుంటే ఒత్తిడి ఎక్కువై జాయింట్లు ఊడిపోతాయని చెప్పి, మేడ మీది 2,000 లీటర్ల ట్యాంకు నుంచి ముప్పావు అంగుళం పీవీసీ గొట్టం దింపారు. దానికి ఒక జాలీ ఫిల్టరు పెట్టి, అక్కడి నుంచి పదహారు మిల్లీమీటర్ల నల్ల లేటరల్ గొట్టాలు, అంటే మొక్కల దగ్గరికి వెళ్ళే పక్క గొట్టాలు, తోటంతా పరిచారు. చెట్లకు గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు, కూరగాయల మళ్ళకు లోపలే డ్రిప్పరు ఉండే ఇన్‌లైన్ గొట్టం వేశారు. సామాను, కూలీ కలిపి 31,500 రూపాయలయింది. సామాను నాణ్యతకు వంక పెట్టను. లేటరల్ గొట్టం మీద ఐఎస్ 12786, ఇన్‌లైన్ గొట్టం మీద ఐఎస్ 13488 అని ప్రమాణ సంఖ్యలు ముద్రించి ఉన్నాయి. కొనేటప్పుడు ఈ ముద్ర చూసి తీసుకోవడం మంచిది. రెండేళ్ళ ఎండకు కూడా ఆ నల్ల గొట్టం పెళుసెక్కలేదు. అదే కుర్రవాడు కుండీల కోసమని ఉచితంగా ఇచ్చిన తెల్లటి సన్న గొట్టాలు మాత్రం మొదటి వేసవిలోనే లోపల పాచి పట్టి, రెండో వేసవికి వేలితో వంచితే విరిగాయి. వెలుతురు లోపలికి పోయే గొట్టం నీటికి పనికిరాదని అప్పుడు అర్థమయింది.

మొదటి నెల బ్రహ్మాండంగా అనిపించింది. వాల్వు తిప్పి కుర్చీలో కూర్చుంటే చాలు. రెండో నెలలో పెరటి చివర ఉన్న రెండు నిమ్మ చెట్లు ఆకు ముడవడం మొదలుపెట్టాయి. కుర్రవాణ్ణి పిలిస్తే వచ్చి, డ్రిప్పరు వేలితో తట్టి, "ఎల్తన్నాయండి మేస్టారూ, సుక్క పడతంది కదండీ" అన్నాడు. చుక్క పడుతున్న మాట నిజమే. ఎంత పడుతున్నదో వాడూ చూడలేదు, నేనూ చూడలేదు. ఆ రోజు సాయంత్రం వంటింట్లోంచి గీతలున్న కొలత గ్లాసు తెచ్చి, ట్యాంకుకు దగ్గరగా ఉన్న మొదటి కొబ్బరి చెట్టు డ్రిప్పరు కింద చిన్న గుంట తవ్వి గ్లాసు నిలబెట్టి, గడియారం చూస్తూ మూడు నిమిషాలు పట్టాను. 170 మిల్లీలీటర్లు వచ్చింది. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు మూడు నిమిషాల్లో 200 ఇవ్వాలి కాబట్టి ఇది సరిపెట్టుకోదగినదే. అదే గ్లాసు చివరి నిమ్మ చెట్టు కింద పెడితే 80 వచ్చింది. చెట్టుకు రాసిపెట్టిన నీటిలో సగం కూడా అందడం లేదన్నమాట.

కారణం ఏమిటో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది, అర్థమయ్యాక ఇంత చిన్న విషయమా అనిపించింది. డ్రిప్పరు మీద రాసిన 4 లీటర్లు, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి ఉన్నప్పటి మాట. ఆ ఒత్తిడి రావాలంటే నీరు పది మీటర్ల ఎత్తులో ఉండాలి. మా ట్యాంకులో నీటి మట్టం నేల నుంచి ఎనిమిది మీటర్లు. అందులోంచి ఫిల్టరు కొంత మింగుతుంది, సన్నని గొట్టం ఇంకొంత మింగుతుంది. మామూలు డ్రిప్పరులో ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతే నీరు సగానికి తగ్గుతుంది. మా తోటలో చెట్లకు, అరటికి, మల్లెలకు కలిపి 142 డ్రిప్పర్లు, మళ్ళలో ఇన్‌లైన్ గొట్టం 60 మీటర్లు. అన్నీ ఒకేసారి తెరిస్తే గంటకు దాదాపు 870 లీటర్లు ఆ ముప్పావు అంగుళం గొట్టంలోంచే పోవాలి. పెళ్ళిలో ఒకే గుమ్మం నుంచి అందరూ భోజనాలకు తోసుకున్నట్టు, ముందున్నవారికి అందుతుంది, వెనకవారికి అందదు. ఒత్తిడి తేడాలున్నా సమానంగా నీరిచ్చే రకం డ్రిప్పర్లు కూడా బజారులో ఉన్నాయి గాని, వాటికీ పని చేయడానికి కనీసపు ఒత్తిడంటూ ఒకటి కావాలి. అది మా చివరి నిమ్మ చెట్టు దగ్గర లేనే లేదు.

ఇంత ఎత్తు ట్యాంకు, ఇన్ని డ్రిప్పర్లు, ఇంత పొడవు అని చెప్పిన వెంటనే గొట్టం ఎంత లావుండాలో, తోటను ఎన్ని భాగాలు చేయాలో అమ్మేవారికి తెలిసి ఉండాలి. ఆ లెక్క వేయకపోవడమే ఈ కొనుగోలులో నాకున్న ప్రధాన ఫిర్యాదు. దుకాణంవారిని అడిగితే, మోటారు పెట్టుకోండి, బూస్టరు పంపు ఉంది, దాని ధర ఇంత అన్నారు. దానికి బదులు నేను మా ఊరి ప్లంబరును పట్టుకుని ట్యాంకు నుంచి దిగే ప్రధాన గొట్టాన్ని అంగుళంపావుకు మార్పించి, తోటను నాలుగు భాగాలు చేసి, భాగానికొక బాల్ వాల్వు పెట్టించాను. గొట్టంలో పారే నీరు సగానికి తగ్గితే, దారిలో పోయే ఒత్తిడి సగానికి కాదు, దాదాపు నాలుగో వంతుకు దిగిపోతుంది. కాబట్టి తోటను భాగాలుగా చేయడమే అన్నిటికన్నా చవకైన పంపు. ఆ మార్పులకు 8,400 రూపాయలయింది. మళ్ళీ గ్లాసు పెట్టి చూస్తే మొదటి చెట్టు దగ్గర 165, చివరి నిమ్మ దగ్గర 140. అంతకన్నా సమానంగా రావాలని నేను కోరుకోలేదు. ఆ చివరి భాగానికి అదనంగా పావుగంట వదులుతున్నాను.

డ్రిప్పరు ఎక్కడ పెట్టారన్నది రెండో తప్పు. కుర్రవాడు ప్రతి చెట్టుకూ మొదలుకు ఆనించి డ్రిప్పర్లు పెట్టాడు. చూడటానికి శుభ్రంగా ఉంటుందని కాబోలు. పెద్ద చెట్టుకు నీరు తాగే సన్న వేళ్ళు మొదలు దగ్గర ఉండవు, పైపెచ్చు మొదలు నిత్యం తడిగా ఉంటే బెరడు కుళ్ళుతుంది. కొబ్బరికి మొదలు నుంచి మీటరు దూరంలో చుట్టూ నాలుగు చోట్ల పెట్టాలి. మామిడికి, సపోటాకు కొమ్మల నీడ అంచుకు ఇవతలగా పెట్టాలి. నేలను బట్టి కూడా ఇది మారుతుంది. నల్లరేగడిలో చుక్క పడిన చోట తడి పక్కలకు పరుచుకుంటుంది. మా ఎర్ర గరపలో నిలువుగా దిగిపోతుంది. ఒకరోజు తడి పెట్టిన తరువాత డ్రిప్పరు పక్కన గునపంతో తవ్వి చూస్తే, పైన జానెడున్నర వెడల్పున తడి, కిందికి మాత్రం మోకాలి లోతు. అటువంటి నేలలో ఒకటి రెండు డ్రిప్పర్లతో పెద్ద చెట్టు బతకదు. అన్నిటినీ జరిపి మళ్ళీ పొడిచే పని నేనే చేసుకున్నాను, మూడు రోజులు పట్టింది, నడుము వారం రోజులు పట్టింది.

ఇప్పుడు వేసవిలో మా పద్ధతి ఇలా ఉంది. కొబ్బరి భాగానికి రెండున్నర గంటలు. నాలుగు డ్రిప్పర్లు గంటకు 16 లీటర్ల లెక్కన చెట్టుకు 40 లీటర్లు. మిగతా పండ్ల చెట్లకు గంటన్నర, అరటికి రెండు గంటలు, మల్లెకు అరగంట, మళ్ళకు ముప్పావుగంట. మొత్తం రోజుకు 1,150 లీటర్లకు అటూ ఇటూ. ఇదివరకు గొట్టంతో పోసిన 2,400తో పోలిస్తే సగానికి తక్కువే, బోరు మే నెలలో కూడా గాలి కక్కలేదు. ఈ ఒక్క ఫలితానికే నేను పెట్టిన డబ్బు దండగ కాలేదంటాను. అయితే ఆ ఆదా అంతా డ్రిప్పుదే అనడం న్యాయం కాదు. కొబ్బరి పాదుల్లో కాయ ఒలిచిన పీచు డొక్కలు గుల్లవైపు పైకి ఉండేలా పేర్చి పూడ్చాము, మామిడి కింద రాలిన ఆకు ఊడ్చి తగలబెట్టడం మానేసి అక్కడే పరిచాము. చుక్కలుగా పడిన నీరు ఎండకు ఎగిరిపోకుండా ఆ డొక్కలూ ఆకులూ పట్టి ఉంచుతున్నాయి. డ్రిప్పరు మీద గుప్పెడు ఆకు లేకపోతే మిట్టమధ్యాహ్నానికి మా నేల మళ్ళీ తెల్లబడుతుంది.

వేళ విషయం కూడా చెప్పాలి. ఎండలో పడి ఉన్న నల్ల గొట్టంలో నిలిచిన నీరు స్నానానికి కాచినంత వేడెక్కుతుంది. ఒక మధ్యాహ్నం మూడింటికి వాల్వు తిప్పి వంగ నారు మీద ఆ నీరు పడనిచ్చి, తెల్లవారేసరికి ఇరవై మొక్కలు పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి తెల్లవారుజామున అయిదింటికే మొదలుపెడుతున్నాను. గొట్టం ఎండకు సాగి, రాత్రికి ముడుచుకుంటుంది కూడా; బిగుతుగా లాగి కట్టినచోట జాయింట్లు ఊడాయి, డ్రిప్పర్లు మొక్క నుంచి పక్కకు జరిగాయి. పాములా కాస్త వంకరగా, వదులుగా వేయించుకోవడమే మేలు.

మా బోరు నీరు గట్టి నీరు. కాఫీ కాచే గిన్నెలో ఎంత తోమినా తెల్లగా గార పట్టి ఉంటుంది. ఆ గారే నాలుగో నెలకు డ్రిప్పర్ల మూతి మీద చేరింది. ఇసుక, మట్టి అయితే ఫిల్టరు ఆపుతుంది. నీటిలో కరిగి వచ్చే సున్నాన్ని ఏ జాలీ ఆపదు. చుక్క బయటికి వచ్చి ఆరినచోట అది గట్టిపడి కూర్చుంటుంది. ఊడదీయడానికి వీలైన డ్రిప్పర్లను తీసి, ప్లాస్టిక్ బకెట్టు నీటిలో బాత్‌రూములు కడిగే యాసిడ్ కొద్దిగా కలిపి నానబెట్టి, మంచి నీటితో కడిగి మళ్ళీ బిగించాను. యాసిడ్‌ను నీటిలో పోయాలి గాని నీటిని యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు లేకుండా ఆ పని ముట్టుకోకూడదు. ఇన్‌లైన్ గొట్టంలో డ్రిప్పరు లోపల ఉంటుంది కాబట్టి దాన్ని ఊడదీయలేము. పలచటి యాసిడ్ నీటిని గొట్టం నిండా పట్టించి, ఒక రోజు ఉంచి, చివరి మూత తీసి బాగా పారించాలి. పొలాల్లో రైతులు చేసే యాసిడ్ ట్రీట్‌మెంట్ ఇదే. అమ్మేటప్పుడు బోరు నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపమని చెప్పినవారు లేరు. తెలిసి ఉంటే మళ్ళకు కూడా ఊడదీసే రకం డ్రిప్పర్లే వేయించుకునేవాణ్ణి. ఫిల్టరు జాలీని వారానికోసారి విప్పి పాత బ్రష్షుతో కడగడం, నెలకోసారి అన్ని గొట్టాల చివరి మూతలు తీసి మురుగు నీరు పోనివ్వడం ఈ ఏర్పాటుతో పాటు వచ్చే పనులు. రోజుకు రెండు గంటల పని తగ్గింది, వారానికి ఒక గంట పని పెరిగింది. లాభమే, సందేహం లేదు.

ఇక టైమరు సంగతి. ఈ మొత్తం కొనుగోలులో నేను నిజంగా పశ్చాత్తాపపడేది దాని గురించే. 3,200 రూపాయలు పోసి, కుళాయికి తగిలించే బ్యాటరీ టైమరు ఒకటి అదే దుకాణంలో కొన్నాను. అది మొదటి వారం పని చేసింది. తరువాత కాకినాడలో పెళ్ళికి రెండు రోజులు వెళ్ళి తిరిగి వచ్చేసరికి మల్లె పొదల వరుస చెరువులా ఉంది. టైమరు తెర మీద 'మూసి ఉంది' అన్న గుర్తు చూపిస్తున్నది, గొట్టంలో నీరు పారుతూనే ఉన్నది. ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా ఆటోమేటిక్ స్విచ్చు మోటారు వేసి నింపుతూనే ఉంది. తప్పు ఎక్కడ ఉందో విప్పి చూస్తే తెలిసింది. ఆ టైమరులో ఉన్నది విద్యుత్ అయస్కాంతంతో పనిచేసి, రబ్బరు పొరతో మూసుకునే సోలినాయిడ్ వాల్వు. ఆ రబ్బరు పొర గట్టిగా కూర్చోవడానికి నీటి ఒత్తిడే సాయం చేయాలి. పట్టణపు కుళాయిలాంటి గట్టి ఒత్తిడి మీద అది చక్కగా పని చేస్తుంది, మేడ మీది ట్యాంకుకు పని చేయదు. పెట్టె మీద కనీసపు ఒత్తిడి చిన్న అక్షరాలతో రాసే ఉంది. చదవని తప్పు నాది, ట్యాంకు చూసి కూడా అది అంటగట్టిన తప్పు దుకాణానిది. వారు వెనక్కి తీసుకోలేదు. తరువాత లోపల చిన్న మోటారు బాల్ వాల్వును తిప్పే రకం కొన్నాను. దానికి ఒత్తిడితో పని లేదు, ట్యాంకు కింద ఏ లోపమూ లేకుండా నడుస్తున్నది. ట్యాంకు మీద ఆధారపడేవారు టైమరు కొంటే ఈ రెండో రకమే అడిగి తీసుకోవాలి.

ఎరువు నీటితో కలిపి పంపే వెంచురీ అన్న చిన్న పరికరాన్ని కూడా అమ్మారు. దానికి కూడా గట్టి ఒత్తిడి కావాలి. మా దగ్గర అది ఒక్క చుక్క కూడా పీల్చలేదు. అది పెట్టెలో ఉంది. ఆవు పేడ, పంచితం కలిపి చేసే జీవామృతం నేను చెంబుతోనే పోస్తున్నాను. దాన్ని డ్రిప్పర్లలో పోనిస్తే మర్నాటికి అన్నీ మూసుకుపోతాయి.

ఉడతల బాధ ఏ దుకాణమూ చెప్పదు. ఏప్రిల్, మే నెలల్లో దాహానికి అవి నల్ల గొట్టాన్ని కొరికి, కొరికినచోట నీరు తాగుతాయి. ఒకే వారంలో పదకొండు చోట్ల అతికించాను. మామిడి కింద, జామ కింద రెండు మట్టి మూకుళ్ళలో నీరు పెట్టడం మొదలుపెట్టాక కొరుకుడు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. గడ్డి కోసే మనిషి కొడవలికి తెగేది వేరే లెక్క. పది జాయినర్లు, నాలుగు చివరి మూతలు, గొట్టానికి తూటు పొడిచే పంచ్, ఇరవై డ్రిప్పర్లు ఒక డబ్బాలో ఇంట్లో ఉంచుకోవాలి. అన్నీ చవకైన వస్తువులే; లేకపోతే మాత్రం వాటి కోసం ఎండలో పదిహేను మైళ్ళు పోవాలి.

అన్ని మొక్కలకూ ఇది నప్పదని కూడా అనుభవం మీద తెలిసింది. తోటకూర, గోంగూర, కొత్తిమీర వంటివి మడి అంతా వెదజల్లి వేసేవి. రెండు చుక్కల నడుమ నేల పొడిగా ఉండిపోతే అక్కడి విత్తనం మొలవదు. మొదటిసారి తోటకూర చుక్కల ముగ్గులా గుండ్రటి మొత్తులుగా మొలిచింది. చూడటానికి బాగుంది గాని కూరకు చాలలేదు. మొలకెత్తి రెండంగుళాలు ఎదిగేదాకా ఆ మళ్ళకు జల్లు డబ్బానే వాడుతున్నాము. బెండ, వంగ, దొండ పాదులకు మాత్రం ఇన్‌లైన్ గొట్టం చాలా బాగుంది. నడిచే దారి పొడిగా ఉండటంతో తుంగ కూడా తగ్గింది. క్రోటన్లు, పంపర పనస వంటివి వేసవిలో దుమ్ము పట్టి నల్లిపురుగుకు నెలవవుతాయి. వాటికి అప్పుడప్పుడు గొట్టంతో ఆకు కడగవలసిందే, ఆ పని డ్రిప్పు చేయదు.

తోటను భాగాలుగా విడదీసినందుకు నేను అనుకోని లాభం ఒకటి దక్కింది. మల్లెకు కార్తీకం తరువాత నీరు ఆపి, ఆకు రాల్చి, కత్తిరించి, మళ్ళీ మాఘంలో తడి పెడితేనే పూత విరగబడి వస్తుంది. మామిడికి కూడా పూతకు ముందు నీరు కట్టేయాలి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్ళీ మొదలుపెట్టాలి. గొట్టంతో పోసే రోజుల్లో పక్కన ఉన్న నిమ్మకు పోస్తూ చేయి ఊరుకోక మామిడికి కూడా కాస్త పోసేవాణ్ణి. ఆ సంవత్సరాల్లో చెట్టు పూతకు బదులు చిగురు వేసేది. మామిడికి విడిగా ఉన్న చిన్న వాల్వు నవంబరులో కట్టేశాను, ఇక దాని జోలికి పోలేదు. మొన్నటి వేసవిలో మా కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి చెట్టు కాసినట్టు గత అయిదారేళ్ళలో కాయలేదు. ఒక్క కాపుతో దీన్ని రుజువు అనలేను, కాని నీటి మీద అదుపు నా చేతికి వచ్చిందన్నది మాత్రం నిజం.

కుండీల కోసం మొదట వేసిన సన్న గొట్టాలను పీకేశాను. అరవై కుండీల్లో ఏ రెండింటి దాహమూ ఒకటి కాదు. కాక్టస్‌కూ ఫెర్న్‌కూ ఒకే చుక్క ఇస్తే ఒకటి కుళ్ళుతుంది, ఇంకొకటి ఎండుతుంది. కడియపులంకలో నేను చూసిన నర్సరీల్లో కూడా లక్షల రూపాయల మొక్కల మీద మనిషి గొట్టం పట్టుకుని, ఒక్కొక్క సంచిని చూస్తూ నీరు పెట్టడమే కనిపించింది. అక్కడ మొక్కలు కొన్న ఒక పెద్దాయనను డ్రిప్పు గురించి అడిగితే, "కుండీకి నీళ్ళు కళ్ళతో పొయ్యాలండి" అన్నాడు. సాయంత్రం అరగంట ఆ పని నేనే చేస్తున్నాను.

ఈ ఏర్పాటును మళ్ళీ కొంటానా అంటే కొంటాను. ఇదే గొట్టం, ఇవే డ్రిప్పర్లు కొంటాను. అదే దుకాణం చేత మాత్రం బిగించుకోను. పిలిచిన రెండో రోజుకల్లా మనిషిని పంపడం, మాట మర్యాద వారికి ఉన్నాయి, కొలత లేదు. ట్యాంకు ఎత్తు అడగకుండా, నీటిని చూడకుండా, చెట్ల సంఖ్యతో అంచనా రాసిచ్చేవారి కాగితాన్ని పక్కన పెట్టడమే మంచిది. రెండు వందల గజాల పెరడుకు ఇంత హంగు అవసరం లేదు, గొట్టమే చాలు. పది సెంట్లు దాటి, పెద్ద చెట్లు ఉండి, మేలో బోరు తగ్గేవారికి మాత్రం పనికొస్తుంది. మొత్తం నాకు అయిన ఖర్చు, పారేసిన టైమరు, దాని బదులు కొన్న టైమరు కూడా కలిపితే 47,000 దాటింది. మొదటే సరిగ్గా చేయించి ఉంటే నలభై వేలలోపు తేలిపోయేది.

ఇక మిగిలింది ఫిల్టరు. జాలీ ఫిల్టరు వానాకాలంలో బోరు నీటితో వచ్చే సన్న ఒండ్రుకు రెండు రోజులకే మూసుకుపోతున్నది. పళ్ళెం పళ్ళెంగా పేర్చిన డిస్క్ ఫిల్టరు అయితే లోతుగా పట్టుకుంటుందని, కడగడం కూడా తేలికని పక్క ఊరి ఆయిల్‌పామ్ రైతు చూపించాడు. దసరా తరువాత అది మార్పిస్తాను. ఈసారి ముందు, తరువాత గ్లాసు పెట్టి కొలిచి, ఫిల్టరు మింగే ఒత్తిడి ఎంతో చూసుకున్నాకే డబ్బు ఇస్తానని అమ్మేవారితో చెప్పాను. వారు ఒప్పుకున్నారు.